ఏడో షెడ్డు వెనక తలుపు

ఆ మంగళవారం ఏడో షెడ్డు కిటికీ ఊచల్లోంచి బయటికి చాచిన చేతులను నేను చూశాను. ముఖాలు కనపడలేదు, ముఖాలన్నీ పొగలో ఉన్నాయి. చేతులు మాత్రమే ఉన్నాయి, జీన్స్ గుడ్డ రంగు అంటి గోళ్ల దాకా నీలంగా. వాటిలో నా మనవరాలు లింఫో చెయ్యి ఏదో నాకు తెలియలేదు. నేను పెంచిన పిల్ల. అయినా తెలియలేదు.

మా సరిహద్దు ఊరు మాపుత్సోయేలో జీన్స్ కుట్టే ఆ ఫ్యాక్టరీ గేటు ముందు నేను పద్నాలుగేళ్లుగా బోండాలు అమ్ముతున్నాను. బాణలి పొయ్యి మీదే వదిలేసి షెడ్డు వెనక్కి పరిగెత్తాను. అక్కడ గోడకు ఒక ఇనుప తలుపు ఉంది. అది తెరిస్తే నేరుగా మా ఊరి పశువుల బీడులోకి రావచ్చు. ఆ తలుపుకు బయటి నుంచి గొలుసు, గొలుసుకు తాళం. కాపలాదారు సెయాబాటా ఆ గొలుసును రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు.

"తాళంచెవి ఏదయ్యా?"

"నా దగ్గరుంటే ఊపుతానా అవ్వా! మేనేజరు జేబులో ఉంది. మేనేజరు బ్యాంకుకు పోయాడు."

"ముందు తలుపు?"

"మంట అక్కడే కదా! ఇస్త్రీ బల్లలన్నీ అక్కడే కదా!"

కుట్టిన ప్యాంట్లను ఆడవాళ్లు వెనక నుంచి బయటికి చేరవేస్తారని ఆ తాళం. ప్యాంట్లు పోకూడదు, అంతే. తాళంచెవి వచ్చేసరికి నేను నా మనసులో లింఫోను పాతిపెట్టేశాను. నలభై ఆరుగురు దగ్గుతూ, పాకుతూ బయటపడ్డారు. లింఫో పదకొండో మనిషి. దారాలు కత్తిరించే ఖౌహెలో మాత్రం బయటికి రాలేదు. ఆమెకు ఐదో నెల.

పది రోజులకు గేటు మీద పెద్ద బ్యానరు కట్టారు. భద్రత అందరి బాధ్యత అట. కంపెనీ, పోలీసులు, ఊరు కలిసి ఒక భాగస్వామ్య సంఘం పెట్టారు. కంపెనీ తరఫున మేనేజరు, పోలీసుల తరఫున ఇన్‌స్పెక్టరు, ఊరి తరఫున నేను. ఎందుకంటే నాకు చదువు వచ్చు. బడిలో నేర్చింది కాదు. నా పెనిమిటి సరిహద్దు వంతెన దాటి పక్క దేశపు బంగారు గనులకు వెళ్లాక అతని ఉత్తరాలను పరాయివాళ్ల నోట వినడం ఇష్టం లేక, పిండి బస్తాల మీద అక్షరాలు చూసి కూడబలుక్కున్నాను. అతను ఏడేళ్లు ఉత్తరాలు పంపాడు. తర్వాత గని వాళ్లు ఒక్క ఉత్తరం పంపారు. అదీ నేనే చదువుకున్నాను.

తనిఖీ రోజున నాకు పసుపుపచ్చ చొక్కా తొడిగారు. ఇన్‌స్పెక్టరు నా చెయ్యి పట్టుకుని, "మనం భాగస్వాములం అవ్వా, ఊరి కళ్లు మీరే" అన్నాడు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. గొలుసు జాడే లేదు. లోపలి నుంచి బీడులోకి నడిచి చూశాను, గడ్డి మీద ఎండ పడుతోంది. ప్రాణం కుదుటపడింది. తనిఖీ కాయితం మీద సంతకం పెట్టాను.

మర్నాడు సాయంత్రం లింఫో బూట్లు విప్పకుండానే గడపలో నిలబడింది.

"అవ్వా, సంతకం పెట్టావా?"

"పెట్టానే. తలుపు తీసే ఉంది."

"నీకోసం తీశారు. నువ్వు గేటు దాటిన గంటకి మళ్లీ గొలుసేశారు. ఇప్పుడు అడిగితే నీ కాయితమే చూపిస్తున్నారు. ఊరే ఒప్పుకుంది, నీకేం నొప్పి అంటున్నారు."

పసుపుపచ్చ చొక్కా చూసి మురిసిన ముసలిదాన్ని నేను. తనిఖీ ముందు రోజో, తర్వాత రోజో వెళ్లాలన్న ఆలోచన నాకెందుకు రాలేదు? రోజూ గేటు దగ్గర కూర్చునే నాకు?

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. పొద్దున లింఫో గేటులోకి వెళ్తుంటే, ఆమె కప్పుకున్న దుప్పటి అంచు కనపడకుండా పోయేదాకా చూసేదాన్ని. పని మానేయమని అడిగాను. "మానేసి ఏం తినాలి, నీ బోండాలా?" అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఖౌహెలో తల్లి వాకిట్లో అందరూ కూడారు. ఏడో షెడ్డు వాళ్లు, మూడో షెడ్డు వాళ్లు, ఇంకా గేటు దగ్గర నిలబడే ఆడవాళ్లు. మీలో కొందరికి తెలియదేమో, ప్రతి పొద్దునా మా గేటు ముందు రెండు వందల మంది ఆడవాళ్లు పని కోసం నిలబడతారు. ఒకామెను తీసేస్తే ఇంకొకామెను పిలుస్తారు. కంపెనీకి అసలు గొలుసు వాళ్లే. వాళ్లను పిలిచింది నేను.

షెడ్డు నాయకురాలు మొసెలే వాళ్లను చూడగానే లేచింది. "వీళ్లనెవరు రమ్మన్నారు?"

"నేనే రమ్మన్నాను."

"నువ్వు సంతకం కూడా పెట్టావులే! మేం సమ్మె చేస్తే మా కుర్చీలో కూర్చునేది ఇదిగో, ఈ లిసెబోనే!"

లిసెబో నడుం మీద చేతులు పెట్టుకుంది. "కూర్చుంటాను. ఇద్దరు పిల్లలు నాకు. నువ్వు పెడతావా తిండి? మూడేళ్ల నుంచి ఎండలో, మంచులో నిలబడుతున్నాను. ఒక్కనాడైనా నన్ను కన్నెత్తి చూశావా, దొరసానీ?"

"చూడు, చూడు, నోరు చూడు దీనిది!"

"నోరు తప్ప ఏముందే నాకు?"

వాకిట్లో గోల. ఒకరు పోలీసులకు అర్జీ అన్నారు, ఇంకొకరు పోలీసులే కదా సంఘంలో ఉన్నారని నవ్వారు. నేను కర్ర పట్టుకుని లేచాను.

"లిసెబో, ఖౌహెలో ఆ షెడ్డులో ఎన్ని రోజులు పని చేసింది?"

లిసెబో నడుం మీది చేతులు దించింది.

"చెప్పవే."

"పదకొండు రోజులు." గొంతు తగ్గింది. "అంతకు ముందు నా పక్కనే నిలబడేది. చలికి ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకునేవాళ్లం. దాన్ని పనిలోకి తీసుకున్న రోజు మేనేజరు వేలు మా ఇద్దరి మధ్యకి చూపించాడు. ఖౌహెలో ముందుకు దూకింది. నేను దాన్ని తిట్టాను."

మొసెలే మెల్లగా కూర్చుని, పక్కన చోటు చేసింది. లిసెబో ఆ చోట్లో కూర్చుంది.

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న ఖౌహెలో తల్లి అంది: "నా పొలంలో కలుపు పెరిగి నా ఒక్కదాని వల్ల కాకపోతే ఏం చేస్తాం? కేక వేస్తాం. ఎవరి పార వాళ్లు తెచ్చుకుని వస్తారు. ఈ తలుపు పీకడమూ అంతే కదా, ఒక్కరి వల్ల అయ్యేది కాదు."

మా దగ్గర దాన్ని లెత్సెమా అంటారు. పిలిస్తే రాని ఇల్లు ఉండదు, కూలి అడిగే మనిషి ఉండదు. పిలిచినవాళ్లు అంబలి పోయాలి, అంతే. ఎవరి కుండలో అంబలి తాగారో ఆ పని వాళ్లది.

"మరి కుండ ఎవరిది?" అంది మొసెలే. "పోలీసులు ముందు అడిగేది అదే."

నేను వద్దనుకుంటూనే చెయ్యి ఎత్తాను. భయం పోయి ఎత్తలేదు. భయంతోనే ఎత్తాను. ఆ సాయంత్రమే జొన్నపిండి నానేశాను. రెండు రోజులు కుండ పులుస్తూ ఉంటే, దాని పక్కనే కూర్చుని నేనూ లోపల పులిసిపోయాను. దుప్పటి కింద దాచిపెట్టాలా, పారబోయాలా? ఎన్నిసార్లు అనుకున్నానో.

బుధవారం పొద్దున షిఫ్టు గంట కొట్టారు. ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. బీడులోంచి ఊరు వస్తోంది, పారలు, గడ్డపారలు భుజాన వేసుకుని, ముసలివాళ్లు, పశువులు కాసేవాళ్లు, చర్చి పాట పాడేవాళ్లు. గేటు దగ్గరి రెండు వందల మంది కూడా గేటు వదిలి వెనక తలుపు దగ్గరకు వచ్చారు.

మేనేజరు మైకు అందుకున్నాడు. "పని కావలసినవాళ్లు లోపలికి రండి! ఈ పూటే చేర్చుకుంటాం! అందరికీ పని ఉంది!"

మూడేళ్లుగా ఎదురుచూసిన మాట అది. గుంపు కదిలింది. ఒక పిల్ల రెండడుగులు గేటు వైపు వేసింది. లిసెబో ఆమెను పట్టుకోలేదు.

"పోవే, పో. కానీ కిటికీ పక్క మిషనే అడుగు. చేతులు బయట పెట్టుకోడానికి వీలుగా ఉంటుంది."

ఆ పిల్ల నిలబడిపోయింది. ముఖం చేతుల్లో దాచుకుంది. తర్వాత వచ్చి ఒక గడ్డపార చివర పట్టుకుంది.

కలుపు తీసేటప్పుడు పాడే పాటే ఎత్తుకున్నారు. పాట దెబ్బకి గడ్డపార దెబ్బ. సెయాబాటా చూస్తూ చూస్తూ టోపీ తీసి నేల మీద పెట్టి, "కింద బందు ముందు తీయండి, పై బందు ముందు తీస్తే తలుపు మీద పడుతుంది" అన్నాడు. నాలుగో పాటలో తలుపు గోడను వదిలింది. ముప్పై చేతుల మీద దాన్ని మోసుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టారు. దాని మీదే గిన్నెలు పెట్టి అంబలి పోశాను. షెడ్డులోంచి బూజు వాసన, దారపు దుమ్ము బయటికి కొట్టాయి.

సగం కుండ కూడా అవలేదు, పోలీసు బండి వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగాడు. తలుపు చూశాడు, అంబలి చూశాడు. అతనూ మా మనిషే, ఆ కుండ అంటే ఏమిటో అతనికి చెప్పనవసరం లేదు.

"ఎవరి లెత్సెమా ఇది?"

మొసెలే అడుగు ముందుకు వేసింది. ఆమె వెళ్తే షెడ్డుకు నోరు ఉండదు. నేను ఆమెకు అడ్డం వచ్చాను.

"కుండ నాది నాయనా."

"అవ్వా! మనం భాగస్వాములం కదా!"

"అవును. నీకూ పోస్తాను, గిన్నె తెచ్చుకో."

గుంపు పగలబడి నవ్వింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. నా రెక్క పట్టుకున్నాడు. లింఫో నా దుప్పటి పట్టుకుని వదల్లేదు, "అవ్వా, పోవద్దు" అంటూ. అన్నేళ్లూ వెళ్లేవాళ్లను చూస్తూ నిలబడిపోయింది నేను. ఈసారి వెళ్లేది నేనైతే నిలబడేది ఆ పిల్ల. ఏది ఎక్కువ బరువో ఇప్పటికీ చెప్పలేను. దాని వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాను. "షెడ్డులోకి వెళ్లు. ఇప్పుడు వెళ్లు," అన్నాను.

బండికి కిటికీ లేదు. బయటి నుంచి గడియ వేశారు. చీకట్లో ఊపిరి ఆడక చేతులతో గోడలు తడిమాను. ఆ నలభై ఆరుగురు ఏం తడిమారో అప్పుడు తెలిసింది.

స్టేషనులో లాకప్పు గదిలో పడేశారు. ప్రభుత్వ ఆస్తి కాకపోయినా ఆస్తి ధ్వంసం, గుంపు కూడగట్టడం, ఇంకా ఏవో చదివారు. ఎప్పుడు వదులుతారంటే ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం ఒక చిన్న వయసు ఆడపోలీసు నీళ్లు తెచ్చింది. ఊచల మధ్య గ్లాసు పట్టుకుని, నేను తాగేశాక కూడా అక్కడే నిలబడింది. వెనక్కి ఒకసారి చూసింది.

"అవ్వా, మా అక్క నది పక్క ఫ్యాక్టరీలో చేస్తుంది. బనియన్లు కుడతారు." గొంతు ఇంకా తగ్గించింది. "అక్కడా గొలుసే. నాలుగు వందల మంది."

ఎవరు పంపారో, ఏమో. నా భయం నాది.

"పొద్దున్నుంచి ఫోన్లో ఒకటే అడుగుతోంది," అంది. "నాలుగు వందల మందికి పిండి ఎంత నానెయ్యాలి?"

ఆ పిల్ల ముఖం చూశాను. చెమట పట్టి ఉంది, నా ముఖంలాగే.

"ఎప్పుడంట?"

"శుక్రవారం."

"అయితే బస్తా పిండి," అన్నాను. "ఈ పూటే నానెయ్యమను."