నిలబడే సమావేశంలో కుర్చీ

సూర్యాపేటలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్త పద్ధతి వచ్చాక పొద్దున్నే అందరూ నిలబడి మాట్లాడుకోవాలి. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, అడ్డమేమిటి. కాళ్లు నొప్పి పుట్టేలోపు మాటలు ముగియాలనే ఆ నియమం. రెండు వారాలకొక విడత. చేసినంత పని వాడేవారికి చూపించి, వారు చెప్పిన తప్పులు దిద్దుకోవాలి. మేనేజరు శ్రీనివాస్ మాత్రం కుర్చీ వదిలేవాడు కాదు. కింది ఉద్యోగులతో సమానంగా నిలబడటం ఆయన ఎరిగిన మర్యాద కాదు. అందుకే సమావేశం గంట సాగేది. కోదాడ నుంచి కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చిన అహల్య, ఇక్కడా నిలబడేది.

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్ల వరుస నడిపే యాప్ ఆమె చేస్తున్నది. ముందు వచ్చిన బండి ముందు లోపలికి పోవాలి. పోయిన విడతలో యజమాని కోరాడని శ్రీనివాస్ అందులో 'అర్జెంట్' బటన్ పెట్టించాడు. అది నొక్కితే యజమాని చెప్పిన బండి వరుస దాటి ముందుకు పోతుంది. చేసిన పనిని ఎప్పుడూ ఆ యజమానికే, ఏసీ గదిలోనే చూపేవారు. నిన్న అహల్య ఎవరినీ అడగకుండా మిల్లు గేటు దగ్గరకు వెళ్లింది.

ట్రాక్టరు నీడలో కూలబడిన వేములపల్లి రైతు రాధమ్మ తన ఫోనులో యాప్ చూపించింది.

"పొద్దుగాల నా ముంగట ముగ్గురే ఉండిరి బిడ్డా. ఇప్పుడు సూడు, ఎంతమందైన్రో. ఎన్కొచ్చినోళ్లు లోపల్కి పోతున్నరు. పచ్చి వడ్లు, మొలకొస్తే ఎవలు కొంటరు?"

ఆ బటన్ అహల్య చేతి పనే.

ఈ ఉదయం శ్రీనివాస్ కుర్చీలోంచే అడిగాడు. "అహల్యా, నీకేమన్న అడ్డముందా?"

"ఉందండీ. అర్జెంట్ బటన్. తీసేయాలి."

"అది కస్టమరే అడిగిండు గదా. మార్పు అడిగితే చేసుడే ఈ పద్ధతి."

"వరుసలో ఉన్నవాళ్లు అడగలేదండీ. వాడేది వాళ్లు."

"మిల్లాయనకు కోపమొస్తే ప్రాజెక్టే ఖతం అయితది. వచ్చే విడతల సూద్దాం తియ్."

"గేటు దగ్గరున్న రాధమ్మ పచ్చి వడ్లు అప్పటిదాకా ఆగవండీ." గొంతు పెంచే ఓపిక ఆమెకు లేదు. "మీరూ లేవండి సార్. ఇది తేలేదాకా అందరం నిలబడే ఉందాం."

"కుర్చీ నేను పట్కపోతా సార్, జర లేవండ్రి" అన్నాడు పక్కనున్న కార్తీక్. ఎవరూ నవ్వలేదు.

శ్రీనివాస్ లేచాడు. మొదట కోపంగానే వాదించాడు. తర్వాత బరువు ఒక కాలి మీంచి మరో కాలికి మార్చాడు. గోడకు ఆనుకున్నాడు.

"ఆమె ఎప్పటిసంది ఉన్నది గాడ?"

"నిన్నటి నుంచండీ."

ఆయన కుర్చీ వైపు చూశాడు, కానీ కూర్చోలేదు. "తీసెయ్. మిల్లాయనకు నేనే చెప్త. ఇగ గేటు కాడనే సూపిద్దాం" అన్నాడు చివరికి.

అహల్య నిలబడే బటన్ తొలగించింది. తెర మీద బండ్లు వచ్చిన క్రమంలో సర్దుకున్నాయి. రాధమ్మ పేరు పైకి జరిగింది. అప్పుడుగానీ అహల్య కూర్చోలేదు.