అమావాస్య నాటి నలభై ఐదు డిగ్రీలు

రాఘవేంద్రప్రసాద్‌కు తెలియని విషయం లేదు. ఆ మాట అతనే చెబుతుంటాడు. కర్నూలులో మేడ మీద రెండు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీ అతనిది. తలుపుకు ‘చీఫ్ ఆర్కిటెక్ట్’ అని ఇత్తడి బోర్డు. ఆ బోర్డును రోజూ తుడిపించే పెద్దమనిషి తాను రాసిన కోడును మాత్రం తిరిగి చూసుకున్న పాపాన పోడని, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆరాధనకు అర్థమైపోయింది.

ఇప్పుడు అతని కారులో డోన్ వైపు వెళ్తూ, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ కోడే చదువుతోంది.

డోన్ బయట గంగాధరం షావుకారుకు కోడిపిల్లల కేంద్రం ఉంది. ఇంట్లో గుడ్డు గడప దాటనివ్వడు, ఇక్కడ మాత్రం గదుల నిండా గుడ్లే. వాటిని పొదిగే వేడిని రాఘవేంద్రప్రసాద్ ప్రోగ్రామ్ చూసుకుంటుంది. పోయిన అమావాస్య నాడు ఆ గుడ్లన్నీ ఉడికిపోయాయి. ముప్పై ఏడున్నర ఉండాల్సిన వేడి నలభై ఐదుకు ఎక్కింది. అలారం కూడా మోగలేదు. నేరం గది చూసుకునే రెజీనా మీద పడింది. కావాలనే మీటలు నొక్కిందని షావుకారు ఫిర్యాదు రాయించాడు. ‘మా ప్రోగ్రామ్‌లో లోపం లేదు’ అని రాఘవేంద్రప్రసాద్ దాని కింద సంతకం పెడితే, ఈరోజే ఆమెను స్టేషన్‌కు తీసుకుపోతారు.

“సార్, గుడ్ల గది క్లాసును దేన్నుంచి తీశారు?” అని అడిగింది ఆరాధన.

“ఆళ్లగడ్డలో వేరుశనక్కాయలు ఆరబెట్టే షెడ్డు చేశాం కదా, దాన్నుంచి. ఇన్‌హెరిటెన్స్ అంటారమ్మా, వారసత్వం. పాత కోడు తల్లి క్లాసు, దాన్నుంచి తీసిన కొత్తది పిల్ల క్లాసు. తల్లి క్లాసులో అన్నీ ఉంటే పిల్ల క్లాసులో మళ్లీ ఎందుకు రాయాలి?”

పాఠం చెబుతున్నట్టు చెప్పాడు. ఆరాధన మళ్లీ తెర వైపు తిరిగింది.

వేడి ఎంత ఉండాలి, ఎంత దాటితే అలారం మోగాలి అన్న సెట్టింగులను మార్చిన మరుక్షణం ఫైలులో రాసిపెట్టుకోవాలి. ఈ మహానుభావుడి ప్రోగ్రామ్ మాత్రం, ఎవరైనా దాన్ని పద్ధతిగా మూసినప్పుడే రాస్తుంది. మూయకుండా కరెంటు పీకేస్తే ఏమీ రాయదు. మళ్లీ లేచినప్పుడు ఫైలు కోసం వెతికి, దొరక్కపోతే తల్లి క్లాసును అడుగుతుంది. తల్లి వేరుశనగ షెడ్డు. అది నలభై ఐదు అని చెబుతుంది. అలారం హద్దు కూడా కాయలు ఆరబెట్టే లెక్కనే ఇస్తుంది.

మామూలు రోజుల్లో కరెంటు పోతే యూపీఎస్ ఆదుకుంటుంది. కానీ అమావాస్య పూజ వేళ ఏ మిషన్‌లోనూ ప్రాణం ఉండకూడదని షావుకారు నియమం. వసారాలో మెయిన్‌తో పాటు యూపీఎస్‌నూ ఆపేసి, గుమ్మడికాయ కొట్టి, మళ్లీ వేస్తాడు. ఈ ప్రోగ్రామ్ పెట్టాక వచ్చిన మొదటి అమావాస్య పోయిన నెలదే. పూజ కాగానే రెజీనాతో సహా అందరికీ సెలవు. సాయంత్రం దాకా గది వైపు చూసినవాడు లేడు. ఆ తర్వాత మళ్లీ ముప్పై ఏడున్నర పెట్టారు గానీ, ప్రోగ్రామ్‌ను ఈరోజు దాకా ఎవరూ మూయలేదు.

“తప్పు మనదే సార్,” అని అంతా చెప్పింది.

అతను కారు వేగం తగ్గించాడు. “ఇది ఇంకెవరికి తెలుసు?”

“మీకూ నాకూ.”

“అయితే అక్కడితో ఆపేయ్. పనిమనిషితో పోయేదాన్ని కంపెనీ నెత్తిన ఎందుకు వేసుకోవాలి? ఆమె నీకేమన్నా చుట్టమా?”

రెజీనా ఆరాధన తల్లికి చెల్లెలు. ఆరాధనను చదివించింది ఆమే.

“కాదు సార్,” అంది. ఇలాంటివాడికి నిజం చెప్పడం కూడా దండగే.

ఈరోజు మళ్లీ అమావాస్య. వాళ్లు చేరేసరికి షావుకారు వసారాలో గుమ్మడికాయకు కుంకుమ పెడుతున్నాడు. పనివాళ్లంతా చుట్టూ ఉన్నారు. రెజీనా గేటు దగ్గర ఒంటరిగా నిలబడింది.

“చూడప్పా ఆమెను,” అన్నాడు షావుకారు. “మా పూజలకు రాదు, చర్చి మనిషి. సరే, ఆమె నమ్మకం ఆమెది అనుకుంటి. పోయిన అమావాస్యకు మేమంతా ఈడుంటే ఆమె ఒక్కతే లోపల కంప్యూటర్ కాడ ఉండె. ఇంగెవరు చేస్తారు?”

“నేను ముట్టలే సావుకారీ,” అంది రెజీనా. ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో, గొంతులో చెమ్మ కూడా మిగల్లేదు.

“మెషీన్ అబద్ధం చెప్పదు,” అన్నాడు రాఘవేంద్రప్రసాద్. “నా ప్రోగ్రామ్ ఏదీ మరిచిపోదు. ఒక్క నిమిషం షావుకారు గారూ, మీరు మెయిన్ దించేలోపు లోపల సిస్టమ్ చూసొస్తాను.”

ఆరాధన అతని ఎత్తు పసిగట్టింది. అతను చూడ్డానికి పోవడం లేదు. ప్రోగ్రామ్‌ను పద్ధతిగా మూసేస్తాడు. ఫైలు తయారవుతుంది. ఆ తర్వాత ఎన్ని మెయిన్లు దించినా ముప్పై ఏడున్నరే వస్తుంది. రుజువు చచ్చిపోతుంది, దాంతో పాటే చిన్నమ్మ బతుకూ.

అతను అప్పటికే గడప మీద కాలు పెట్టాడు.

“షావుకారు గారూ,” అంది ఆరాధన, అందరికీ వినబడేలా. “ఈసారి గుమ్మడికాయ మా సార్ చేత్తో కొట్టించండి. మీ మిషన్లకు తెలివి పోసింది సారే కదా.”

“అదీ నిజమే. రాప్పా, పెద్ద చదువు చదివిన చెయ్యి.”

రాఘవేంద్రప్రసాద్ ఆగాడు. లోపల తన కొంపను కాపాడే మీట. బయట తన వైపే చూస్తున్న జనం.

“ఫోటో తీస్తాను సార్,” అంది ఆరాధన, ఫోన్ పైకెత్తి. “ఆఫీసులో పెట్టుకోవచ్చు.”

గడప మీది కాలు వెనక్కి వచ్చింది. కాలరు సర్దుకున్నాడు. అతని గురించి తాను వేసిన అంచనా మరీ తక్కువేమోనని ఆమెకు ఏ మూలో ఉన్న అనుమానం ఆ క్షణంలో తీరిపోయింది.

షావుకారు యూపీఎస్ ఆపి మెయిన్ దించాడు. లోపల ఫ్యాన్ల హోరు ఆగిపోయింది.

రాఘవేంద్రప్రసాద్ గుమ్మడికాయను నేలకేసి కొట్టాడు. అది పగలకుండా దొర్లుకుంటూ పోయి చెప్పుల దగ్గర ఆగింది.

“అన్నం తినలేదేమో సారు,” అన్నాడు పనివాళ్లలో ఓబుళేశు.

రెండోసారికి పగిలింది. కుంకుమ నీళ్లు తెల్ల ప్యాంటు మీద మోకాళ్ల దాకా చింది పడ్డాయి. షావుకారు కర్పూరం తిప్పి మెయిన్ ఎత్తి యూపీఎస్ వేశాడు.

“ఎవరూ లోపలికి పోవద్దు,” అంది ఆరాధన. “చిన్నమ్మా, నువ్వు ఈడికొచ్చి నా పక్కన నిలబడు. షావుకారు గారూ, కిటికీలోంచి తెర చూడండి.”

“చిన్నమ్మా?” అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

ఖాళీ గదిలో కంప్యూటర్ తనంతట తాను లేచింది. ప్రోగ్రామ్ తెరుచుకుంది. తెర మధ్యలో, గదికి ఉండాల్సిన వేడి చూపే చోట, పెద్ద అంకెల్లో నలభై ఐదు.

షావుకారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. “లోపల నరమానవుడు లేడే. ఎవరప్పా గుడ్లు వేయిస్తాండేది?”

“అది… సేఫ్ మోడ్ అండీ. సిస్టమ్ తనను తాను…”

“వేరుశనగ షెడ్డు లెక్క షావుకారు గారూ,” అంది ఆరాధన. “ప్రోగ్రామ్‌ను మూయకుండా మెయిన్ దించితే ఇది గుడ్లను మరిచిపోయి కాయలు ఆరబెడుతుంది. దారిలోనే సార్‌కు చెప్పాను.”

రెజీనా వాళ్ల మాటల కోసం ఆగలేదు. లోపలికి పోయి ముప్పై ఏడున్నర కొట్టింది. ఆరాధన చెప్పినట్టు ప్రోగ్రామ్‌ను మూసి తెరిచింది. షావుకారు మళ్లీ యూపీఎస్‌తో సహా మెయిన్ దించి ఎత్తాడు. ఈసారి ముప్పై ఏడున్నరే వచ్చింది.

షావుకారు జేబులోంచి ఫిర్యాదు కాగితం తీశాడు.

“సంతకం పెడతానంటివే? ఉండప్పా, పోవద్దు. పేరు మార్చి రాయించుకొస్తా.”

రాఘవేంద్రప్రసాద్ ఆరాధన వైపు తిరిగాడు. “రేపటి నుంచి ఆఫీసుకు రాకు.”

“ఆఫీసు ఉంటే కదా సార్.”

షావుకారు రెజీనా ముఖం చూడలేక గోడను చూస్తూ, “రేపట్నుంచి పనికి రా తల్లీ,” అన్నాడు.

“రేపెందుకు సావుకారీ?” స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది రెజీనా. “మీరంతా ఇంగ తినను పోతారు. ఎవరో ఒకరు గది చూడల్ల కదా.”