వాటా మాత్రలు

కళింగపట్నంలో ఒకే పడవ మీద బతికే బావ జగన్నాధం, బావమరిది ఎల్లాజీ. వేటలో ఏది దొరికినా సగం సగమే. వంజరం చేప ఒక్కటే పడితే దాన్నీ కోసి పంచుకోవలసిందే. ఆ పద్ధతి ముసలాయన జగన్నాధానికి దేవుడి మాట కన్నా ఎక్కువ. అందుకే మందుల దగ్గరా అదే పని చేసి కూర్చున్నాడు.

ప్రొస్టేటు గ్రంథి పెరిగి మూత్రానికి ఇబ్బందవుతుంటే శ్రీకాకుళంలో డాక్టరమ్మ అనూరాధ ఆయనకి రెండు రకాల మాత్రలు రాసింది. రోజూ రెండూ వేసుకోమంది. ఎల్లాజీదీ అదే బాధ. తుఫానుకే జంకని మనిషి, ఆడ డాక్టరు ముందు ఆ సంగతి చెప్పాలంటే మాత్రం నోరు పెగలదు.

"ఒరే, నాకో రకం, నీకో రకం" అని జగన్నాధం పంచేశాడు.

కొన్నాళ్ళకే జగన్నాధానికి సుఖమైంది. ఎల్లాజీకి నెల దాటినా వీసమెత్తు గుణం లేదు. పడవలో మాటలు తగ్గిపోయాయి. చివరికి ఒడ్డున వల దులుపుతూ ఎల్లాజీ కడుపులో మాట కక్కేశాడు.

"మంచిది నువ్వుంచుకుని సెత్తది నాకిచ్చినావు బావా. రేపట్నుంచి నేను వేరే పడవ సూసుకుంటాను."

జగన్నాధం గుండెల్లో రాయి పడింది. వాటా తప్పాడన్న మాట పుట్టి బుద్ధెరిగి పడలేదు. ఎల్లాజీ లేని పడవ తనకెందుకు? గింజుకుంటున్న బావమరిది చెయ్యి పట్టి శ్రీకాకుళం ఆటో ఎక్కించాడు.

సంగతంతా విని అనూరాధ తల పట్టుకుంది.

"ఒక మాత్ర బిగుతు సడలించి దారి వదులు చేస్తుంది. అది తొందరగా తెలుస్తుంది. రెండోది పెరిగిన గ్రంథిని మెల్లగా తగ్గిస్తుంది. దానికి నెలలు పడతాయి. మీకు రెండూ కావాలనే కదా రాశాను! ఒకరి మందు ఇంకొకరు మింగడమేమిటి?"

చీవాట్లయ్యాక ఎల్లాజీకి పరీక్షలన్నీ చేయించింది. భయపడేదేమీ లేదని చెప్పి, అతనికి వేరేగా మందులు రాసింది.

బయటికొచ్చాక ఎల్లాజీ అక్కడే నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"నీ వైద్యంలో సగం తీసి నాకిచ్చేసినావా? నీకేటైనా అయితే అక్కకి నేనేటి సెప్పాలి? ఎర్రోడివి బావా!"

"మరి రేపు వేరే పడవకి పోతావేటి?" జగన్నాధం బెరుగ్గా అడిగాడు.

"పోతే నిన్ను తిట్టేదెవులు?"

ఆ మాటతో జగన్నాధానికి ప్రాణం లేచొచ్చింది.