పిడక మీద చెయ్యి

బాలకృష్ణ చేతులకు బేడీలు పడేదాకా తాను చావనని రెండేళ్ల కింద మొగుడి చితి దగ్గర హేమ్లి అనుకుంది. పైకి అనలేదు. అంటే పదిమంది ఓదారుస్తారు, ఓదారిస్తే కోపం చల్లారుతుంది. ఆమెకు అది చల్లారడం ఇష్టం లేదు.

మొగుడు భద్రు అడవిశాఖ వాళ్లు ఎండాకాలానికి పెట్టుకునే ఫైర్ వాచర్. మాఘం నుంచి తొలకరి దాకా గుట్ట మీద పొగ లేచినచోటికల్లా పరుగెత్తి, పచ్చికొమ్మలతో కొట్టి మంట ఆర్పడం అతని పని. ఆ ఏడు బోడగుట్ట వాలులో ఆర్పుతుంటే గాలి మళ్లింది. వెదురు పొద వెనక చిక్కుకున్నాడు. సాయంత్రానికి దుప్పట్లో చుట్టి దింపారు. ముఖం చూడొద్దన్నారు. హేమ్లి చూసింది.

మంట ఎవరిదో తండా అంతటికీ తెలుసు. కోసిన తునికాకు కొని ఎండబెట్టే కల్లం నడిపేది బాలకృష్ణ. బీడీలకు లేతాకు కావాలి. లేతాకు రావాలంటే ఎండలు ముదరకముందే తునికి పొదల్ని మొదలంటా కొట్టాలి. గుట్టంతా కొమ్మ కొట్టించాలంటే ముప్పైమంది కూలీలకు వారం రోజుల పని. అగ్గి పెడితే ఒక్క పూట. కాలిన మోడు నుంచి పదిహేను రోజుల్లో ఎర్రటి చిగురు లేస్తుంది. ఆ చిగురు కోసం నేల మీద గుడ్లు పెట్టే పిట్టలూ, పరుగెత్తలేని తాబేళ్లూ, మోకాలెత్తు మద్దిమొక్కలూ, ఏగిస మొక్కలూ బూడిదైపోతాయి. ఏటేటా ఇట్లాగే కాలి కాలి బోడగుట్ట మీద ముసలి చెట్లు మిగిలాయి తప్ప వాటి కింద ఒక్క పిల్లమొక్క లేదు. రేపు ఆ ముసలివి కూలితే గుట్టకు వారసులు లేరు.

అయినా బాలకృష్ణను పట్టుకునే దారి లేదు. పొగ లేచిన ప్రతిసారీ అతను రోడ్డు మీది చాయ్ హోటల్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు. ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగితే నవ్వేవాడు.

"పొద్దుగాల నుంచి ఇక్కడే కూర్చున్నా గదా. కళ్లతో అంటించానా ఏంది?"

భద్రు పనిని హేమ్లి అడిగి తీసుకుంది. బీటు ఆఫీసర్ వీరేందర్ మణుగూరు బొగ్గుబాయి కార్మికుడి కొడుకు, మంచివాడే, కానీ ముందు జంకాడు.

"ఆడమనిషివి, గుట్ట మీద అగ్గితోని పని హేమ్లీ."

"అగ్గి ఆడ, మగ అని చూసి కాలుస్తదా సారూ?"

వీరేందర్ రిజిస్టర్ తెరిచి భద్రు పేరు కింద ఆమె పేరు రాసుకున్నాడు.

భద్రు బతికి ఉండగా ఒక మాట చెబుతుండేవాడు. మంట విసనకర్రలా విచ్చుకుంటుంది, అది పుట్టిన చోటు దొరకాలంటే పిడి వైపు నడవాలి అని. హేమ్లి రెండు ఎండాకాలాలు ప్రతి మంటనూ ఆర్పి, మిగతావాళ్లు చెట్టు కింద నీళ్లు తాగుతుంటే తాను ఒక్కతే నల్లటి నేల మీద పిడి వైపు నడిచింది. ప్రతిసారీ చివర దొరికింది గుప్పెడు బూడిదే.

ఈ మార్చిలో ఒక రోజు, పొద్దు బారెడెక్కాక, హేమ్లి, ఆమె తోడికోడలు ద్వాలి ఫైర్ లైన్ ఊడుస్తున్నారు. ఫైర్ లైన్ అంటే అడవిలో బండి పట్టేంత వెడల్పున ఆకూ అలమూ లేకుండా తీసిన బాట. అక్కడికొచ్చిన మంట తిండి దొరక్క ఆగిపోతుంది. ద్వాలి నడుం పట్టుకుని లేచి, పడమటి వైపు చూసి చీపురు పడేసింది.

"ఏయ్ హేమ్లీ, పొగ!"

వీరేందర్ జీపులో వచ్చేసరికి అతని ఫోనుకూ కబురొచ్చింది. ఆకాశం మీంచి ఫోటోలు తీసే యంత్రం మంట ఉన్న చోటు చెబుతుంది.

"పైనున్న యంత్రానికి పొగ కనవడ్డది గని అంటువెట్టినోని మూతి కనవడలేదా సారూ?" అంది ద్వాలి, ఆకులు ఊదే బ్లోయర్ భుజానికెత్తుకుంటూ.

"మూతులు చూసే యంత్రం ఇంకా రాలే ద్వాలక్కా."

"వస్తే ముందు మా ఆయన మూతి చూపియ్. రెండు రోజులాయె, ఇంటికి రాక."

ముందే ఊడ్చిన బాట పనికొచ్చింది. మంట అక్కడిదాకా వచ్చి, నాలుక చాపి, తినడానికేమీ లేక కూలబడింది. ఆరేడు ఎకరాలతో పోయింది. అందరూ నీడకు చేరారు. హేమ్లి నీళ్లు కూడా తాగకుండా వెనక్కి తిరిగింది.

కాలిన నేల చెప్పుల్లోంచి సుర్రుమంటోంది. ఒకచోట తాబేలు ఉంది. డిప్పలోకి తల ముడుచుకుంటే చాలనుకుంది పాపం, అట్లాగే ఉడికిపోయింది. ఇంకోచోట నాలుగు నెమలి గుడ్లు పగిలి ఉన్నాయి. హేమ్లి ఆగలేదు. రాళ్లకు మసి పట్టిన దిక్కు చూసుకుంటూ, కాలిన జాగా సన్నబడుతున్న వైపే నడిచింది. అది ఒక పరుపుబండ దగ్గర చాపంత అయి ఆగింది.

బండ వారన ఎవరో ఎండుటాకులు కుప్ప చేసిన గుర్తులున్నాయి. కుప్పలోంచి జారి బోడిబండ మీదికి దొర్లిన పిడక ముక్క ఒకటి సగం కాలి ఆరిపోయి ఉంది. ఇదా సంగతి అనుకుంది హేమ్లి. అంచుకు నిప్పంటించిన పిడక వెంటనే మండదు. పొగ కూడా పెద్దగా రాదు. లోలోపల రాజుకుంటూ ఆకులందుకునేసరికి గంటన్నర పడుతుంది. పెట్టిన మనిషి ఈలోపు ఎక్కడైనా కూర్చోవచ్చు.

ఆమె పిడకను తిప్పింది. కాలని సగం మీద చేతి అచ్చు ఉంది. మూడు వేళ్లు నిండుగా, ఉంగరపు వేలు సగానికే.

హేమ్లి అక్కడే గొంతుక్కూర్చుంది. ఆ చెయ్యి ఆమెకు తెలుసు. బాలకృష్ణ భార్య కళావతిది. గడ్డి కోసే మిషన్లో ఆమె వేలు పోయింది. భద్రు పోయిన తొమ్మిదో రోజు తట్టెడు పిడకలు నెత్తిన మోసుకొచ్చి, "పొయ్యిలోకి ఉండనీ హేమ్లీ" అని పక్కన కూర్చుని తనకంటే ఎక్కువ ఏడ్చిన మనిషి. నెల రోజులు ఆ పిడకల మీదే రొట్టెలు కాల్చుకుంది హేమ్లి. ఆ అచ్చులో తన చెయ్యి పెట్టి చూసుకుని, తోడుగా ఒక చెయ్యైనా ఉందనుకుంది.

'దొరికినవ్ బాలకృష్ణా,' అనుకుంది. 'మీ ఇంటి గోడ మీది పిడకే నిన్ను పట్టిచ్చింది.'

వీరేందర్ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు, ఫోటోలు తీశాడు, చోటు రాసుకున్నాడు. కానీ అతని ముఖం వికసించలేదు.

"పిడక ఆ ఇంటిదే. ఎవరో ఎత్తుకపోయిండ్రంటడు, ఏం జేస్తవ్? ఇంట్ల మనిషి నోరు తెరవాలె హేమ్లీ. ఇది తీస్కపోయి చూపియ్. ఆమె చెప్తే కేసు నిలుస్తది."

"చెప్తది సారూ. ఆమె మంచిది."

మధ్యాహ్నం కళావతి ఇంటి వెనక గోడకు పిడకలు కొడుతోంది. వాళ్లది బోనకల్ వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబం. హేమ్లిని చూడగానే కొంగుతో నుదురు తుడుచుకుంది.

"రావే హేమ్లీ, ఏంటి ఈ ఎండలో? మజ్జిగ తాగుతావా?"

హేమ్లి సంచీలోంచి పిడక తీసి అరుగు మీద పెట్టింది, అచ్చు పైకి వచ్చేలా.

కళావతి చేతిలోని పేడముద్ద జారి కింద పడింది.

"ఇది గుట్ట మీద దొరికింది అక్కా. నిన్ను ఏమనను. నీ మొగడే పెట్టిండని సారు ముంగట ఒక్క మాట చెప్పు. నా మొగని సంగతి నీకెర్కనే. నాకోసం ఏడ్చినదానివి."

కళావతి గోడకు ఆనుకుని మెల్లగా కూలబడింది. పేడ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆయన గుట్ట ఎక్కడే," అంది. "ఆయన హోటల్ దగ్గర కూర్చుంటాడు, నలుగురికీ కనపడాలని. తట్ట నెత్తిన పెట్టుకుని కట్టెలకు పోయే ఆడదాన్ని ఎవరడుగుతారు?"

అంటే ఈమే. హేమ్లి అరుగు మీది అచ్చు వైపు మళ్లీ చూసింది.

"ఆ ఏడు?"

కళావతి కింద పడ్డ పేడముద్ద కోసం చెయ్యి చాపింది.

"ఆ ఏడు పెట్టింది ఎవరు?"

"నేనేనే. నేనే. అన్న అటువైపు ఉన్నాడని తెలీదు హేమ్లీ, నా బిడ్డ మీద ఒట్టు. పెట్టనంటే బెల్టు తీస్తాడు. నీ కాళ్లు పట్టుకుంటా..."

ఆమె నిజంగానే ముందుకు వంగింది. హేమ్లి కాళ్లు వెనక్కి తీసుకుంది. రెండేళ్లు ఒక మనిషి ముఖాన్నే తలుచుకుని పళ్లు కొరికింది. ఇప్పుడు రెండో ముఖం కనిపించింది, అదీ తన పక్కన కూర్చుని ఏడ్చిన ముఖం. తన మొగుణ్ణి కాల్చిన చేతి అచ్చులో చెయ్యి పెట్టి ఓదార్పు వెతుక్కుంది. అరచేతిని చీరకు గట్టిగా రుద్దుకుంది.

"ఏడ్వకు. నువ్వు ఏడుస్తుంటే అప్పటి ఏడుపు యాదికొస్తాంది."

"నాకు ఖమ్మంలో చదువుకునే కూతురుంది హేమ్లీ..."

"గుట్ట మీద గుడ్లు పెట్టిన నెమలికి లెవ్వా పిల్లలు? పొద్దుగాల పగిలినయ్, చూసొచ్చిన." హేమ్లి గొంతు పెంచలేదు. "ఇను. పిడక మీద నీ చెయ్యుంది, ఆయన చెయ్యి లేదు. నువ్వు నోరు మూసుకుంటే నువ్వొక్కదానివే పోతవ్, ఆయన ఆడ కూసోని చాయ్ తాగుతడు. నోరు తెరిస్తే ఇద్దరు పోతరు. నీకున్నయి గా రెండు తొవ్వలే. మూడోది నేనియ్య."

"అంత కఠినమా నీకు?"

"నీ పిడకల మీదనే వండుకతిన్న గదక్కా. గట్లనే అయిత."

చాయ్ హోటల్ దగ్గర బాలకృష్ణ ఎప్పటిలాగే కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ముందు హేమ్లి, వెనక భార్య, వాళ్ల వెనక జీపు దిగిన వీరేందర్. గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. ద్వాలి, తునికాకు కోసే ఆడవాళ్లు పదిమంది అప్పటికే అక్కడికి చేరారు.

"మంట నేనే పెట్టాను," అంది కళావతి నేల చూస్తూ. "ఈయన పెట్టమంటే పెట్టాను. ఈ పొద్దున కూడా."

బాలకృష్ణ గ్లాసు దించి, నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏంటి సారూ, దాని మాట వింటారా? దానికి మతి సరిగా లేదు. అడవికి పోయి అదేం చేసుకుంటుందో నాకేం తెలుసు? పెడితే అదే పెట్టుంటుంది. తీసుకుపోండి, నేను అడ్డమా?"

కళావతి అప్పుడు తల ఎత్తింది. ఆమె చూపు మొగుడి మీద నిలబడింది. హేమ్లి అది గమనించింది, పక్కకు జరిగి దారిచ్చింది.

"నీకేం తెలుసా? రాసుకో సారూ," అంది కళావతి. "మొన్న ఏడు వాగు అవతల. నిరుడు ఎర్రబండ కింద రెండుసార్లు. భద్రు పోయిన రోజు బోడగుట్ట. ఆ పొద్దున భద్రు గుట్టెక్కడం ఈయన కళ్లారా చూశాడు. 'గాలి కిందికి ఉంది, మధ్యాహ్నం పెట్టు' అని అగ్గిపెట్టె నా తట్టలో వేసిందీ ఈయనే. వాచర్ ఉన్నాడని నాతో ఒక్క ముక్క అనలేదు. సాయంత్రం శవం దిగాక అన్నాడు, 'వాడుంటే ప్రతి మంటా ఆర్పేవాడు, పీడ పోయింది' అని."

బాలకృష్ణ చెయ్యెత్తి భార్య మీదికి వచ్చాడు. ఆ చేతిని వీరేందర్ గాల్లోనే పట్టుకున్నాడు.

"ఈ ఏడు నీ కల్లానికి ఒక్క ఆకు రాదు, కల్లేదారూ," అంది ద్వాలి. "జైల్ల బీడీలు దొరకయ్యట, జర ఒక కట్టన్న తీస్కపో."

ఆడవాళ్లు నవ్వారు. హేమ్లి నవ్వలేదు. ఆమె వీరేందర్ బేడీలు వేస్తున్న అతని మణికట్లే చూస్తోంది. ఇనుము బిగిసిన చప్పుడు చిన్నదే, గొళ్లెం పడినంత. రెండేళ్లు తాను ఎదురుచూసిన చప్పుడు ఇంత చిన్నదా అనిపించింది. అయినా అది చెవికి తియ్యగానే ఉంది.

జీపులో అతని పక్కన చోటు చూపించి, "ఎక్కు అక్కా," అంది కళావతితో.

"ముందు కూర్చోనీ. ఆయన పక్కన వద్దే."

"ఆయన పక్కకే."

కళావతి ఎక్కింది. బండి స్టార్టయ్యాక కమ్మీ పట్టుకుని బయటికి వంగింది.

"హేమ్లీ, బర్రెకు కుడితి పెట్టలేదే."

"పెడ్త. నోరులేని జీవి, అదేం జేసింది?"

కళావతి ఇంకో మాట కోసం కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. జీపు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. హేమ్లి అప్పటికే బర్రె కొట్టం వైపు తిరిగి నడుస్తోంది.