మాణిక్యం నేర్చిన ఇంగ్లీషు

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు బందరులో సరోజిని టీచరు పని ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. ఆవిడ మూడో తరగతిలో సగంమంది ఆఫీసర్ల పిల్లలు, ఇంగ్లీషు గలగలా మాట్లాడేస్తారు. మిగతా సగం దివిసీమలో అయినవాళ్ళను పోగొట్టుకుని బంధువుల పంచన చేరినవాళ్ళు. స్కూలువాళ్ళు జాలిపడి ఉచితంగా చేర్చుకున్నారు. ఇంగ్లీషులో చెబితే వీళ్ళు బిక్కమొహం వేస్తారు, తెలుగులో చెబితే వాళ్ళు ఆవలిస్తారు. ఉన్న ఒక్క గొంతునూ రెండుగా చీల్చుకోలేక ఆవిడకు ఏడుపొచ్చేది.

చివరికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళ పక్కన రానివాళ్ళను కూర్చోబెట్టి, మీరే నేర్పండర్రా అంది. బ్యాంకు మేనేజరు కూతురు సుగుణ పక్కన మాణిక్యం కూర్చుంది. ఆ పిల్ల ఉప్పెన తర్వాత నోరు విప్పడమే తక్కువ. మేనమామ తోమాసు పొద్దున్నే రిక్షాలో దించి వెళితే సాయంత్రం దాకా ఉన్నచోటు నుంచి కదిలేది కాదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆఫీసర్ల ఇళ్ళ నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. తెలుగేదో అంటురోగమైనట్టు, తమ పిల్లల ఇంగ్లీషు చెడిపోతోందని. స్కూలు కరస్పాండెంటు ప్రకాశరావు గారు శుక్రవారం తనే వచ్చి వింటానన్నారు. ఇంగ్లీషు మాట్లాడలేనివాళ్ళు ఇక బడికి రానక్కర్లేదట.

సరోజినికి అన్నం సయించలేదు. ఈ పిల్లల్ని పంపేస్తే మళ్ళీ ఏ బడి రానిస్తుంది? 'మై ఫ్యామిలీ' గురించి నాలుగు ముక్కలైనా నేర్పమని జంటలకు అప్పజెప్పింది. ఎవరిచేత ఏం చెప్పిస్తున్నానన్న ఆలోచన ఆ కంగారులో ఆవిడకు రానేలేదు.

శుక్రవారం ఆయన వస్తూనే మాణిక్యాన్ని లేపారు. పిల్ల తడబడకుండా ఇంగ్లీషు అందుకుంది. నాన్న బ్యాంకు మేనేజరట, అమ్మ వీణ వాయిస్తుందట, తమ్ముడు అల్లరివాడట, రాత్రిపూట అందరూ కలిసి భోంచేస్తారట. పొల్లు పోకుండా అది సుగుణ ఇల్లు.

తను ఎవరికి ఏం పాఠం ఇచ్చిందో సరోజినికి అప్పుడు తట్టింది. ప్రకాశరావు గారు మాత్రం మురిసిపోయి, ఈ పిల్లే ఇంత మాట్లాడితే మిగతావాళ్ళకేం, అందరినీ ఉండనివ్వండని చెప్పి వెళ్ళిపోయారు.

గండం గడిచిందన్న సంతోషం ఆవిడకు దక్కలేదు. మాణిక్యాన్ని దగ్గరకు తీసుకుని, "తప్పు చేశానమ్మా, నీకు ఆ పాఠం ఇవ్వకూడదు. ఇంక చెప్పక్కర్లేదులే," అంది.

పిల్ల ఆవిడ చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుంది.

"తీసెయ్యకండి టీచర్. తెలుగులో మా ఇంట్లో ఎవరూ లేరండి. ఇంగ్లీషులో అందరూ ఉన్నారు."

సోమవారం సరోజిని మళ్ళీ ఆ పాఠమే మొదలుపెట్టింది.