నా మొగుడి పేరు

గనిలో మంటలంటుకున్నాయని, గాలి అందక ఆరిపోవాలని కంపెనీ గని నోటికి మట్టి మెత్తించింది. లోపల మనుషులున్నారు. వాళ్లలో నా మొగుడు మసుజో ఒకడు. అతడు బొగ్గు తవ్వేవాడు, నేను మోసేదాన్ని. ఆ పూట తట్టతో పైకి వచ్చాను కాబట్టి మిగిలాను. గోళ్లతో మట్టి పెళ్లగిస్తుంటే తోటి పనివాడు కుమహాచి నన్ను వెనక్కి లాగాడు.

"వదినా, ఆ మేస్త్రీ కర్ర చూడు! చంపేస్తాడు!"

ఆ కుమహాచే తర్వాత యూనియన్ పెట్టాడు. మగవాళ్లందరికీ ఓటొచ్చిన మొదటి ఎన్నికల్లో పార్లమెంటుకు నిలబడ్డాడు. ప్రతి సభలో మసుజో కథే చెప్పేవాడు. జనం ఏడ్చేవారు, చప్పట్లు కొట్టేవారు. నాకు ఒళ్లు మండేది. మొగుడు నావాడు, ఊడిన గోళ్లు నావి. చప్పట్లు అతడికా? నాకు ఓటు కూడా లేదు.

"నా మొగుణ్ణి అమ్ముకుంటున్నావు," అని మొహం మీదే అనేశాను.

"అయితే నువ్వే ఎక్కి చెప్పు వదినా."

"ఎక్కి, నీకు ఇంకో నాలుగు చప్పట్లు కొట్టించాలా? రాను పో."

చివరి సభ నాటకాల కొట్టంలో జరిగింది. ఎప్పటిలాగే పోలీసు అధికారి కత్తి పక్కన పెట్టుకుని వేదిక మీదే కూర్చున్నాడు. మాట నచ్చకపోతే ఉపన్యాసం ఆపించే అధికారం అతడిది.

కుమహాచి "గని నోటికి మట్టి..." అన్నాడో లేదో, "ఆపు!" అని అధికారి అరిచాడు. పోలీసులు అతణ్ణి లాక్కుపోయారు. మరొకడు లేచి ఆ మాట దగ్గరే అందుకున్నాడు. "ఆపు!" ఇంకొకడు లేచాడు. "ఆపు!" చెప్పేవాళ్లు అయిపోయారు. కథ సగంలో ఆగింది. మసుజో ఇంకా లోపలే ఉన్నాడు.

నేను లేచాను.

"మట్టి ఇంకా తడిగా ఉంది. లోపల్నుంచి కొడుతున్నారు. ఈ చెవులతో విన్నా. నా మొగుడు మసుజో..."

"ఆపు! ఆడదానివి, కూర్చో!"

"ఆ రోజు కంపెనీని ఆపమన్నావా నువ్వు?"

తట్టలు మోసే ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. పోలీసులు నన్ను పక్క వీధిలోని ఠాణాకు ఈడ్చుకెళ్లి కుమహాచి పక్క గదిలో పడేశారు.

"వదినా," అన్నాడు గోడ అవతల నుంచి. "నేను చెబితే ఏడ్చి ఊరుకున్నారు. నువ్వు చెబితే లేచి నిలబడ్డారంటగా. కుళ్లొస్తోంది నాకు."

"రానీ. ఇన్నాళ్లూ నేను పడలా?"

అంతలో వీధి నిండా జనం. ఠాణా తలుపులు గుద్దుతూ అరుస్తున్నారు. "మసుజో! మసుజో!"

ఆ పేరు నా ఒక్కదానిదే అనుకునేదాన్ని. ఇప్పుడు ఊరంతా పిలుస్తోంది. వాళ్లందరికంటే నా గొంతే పైన వినబడాలని, కటకటాలు పట్టుకుని నేనూ అరిచాను.