కార్తీకంలో నీలమ్మ పట్టిన ఈత

కార్తీకం వస్తోందంటే నీలమ్మకు ఎక్కడలేని హుషారు. పెళ్లయిన ఏటి నుంచీ ఆ నెలంతా ఒక్కపొద్దు ఉండడం ఆమెకు అలవాటు. పొద్దుగూకి దీపం పెట్టి, చుక్కను చూశాకే నోట్లోకి ముద్ద. అలాంటిది నిరుడు ఉపవాసంతోనే లిఫ్టులో కళ్లు తిరిగి పడిపోయింది. షుగరున్న మనిషికి ఇక ఒక్కపొద్దులు కుదరవని కొడుకు ఎదుటే డాక్టరు తేల్చి చెప్పాడు.

ఈ ఏడు కార్తీకం దగ్గర పడేకొద్దీ ఆమె మొహం చిన్నబోయింది. కొడుకు సాయిచంద్ నెలంతా కోడికూర ముట్టనన్నాడు. కోడలు కృష్ణప్రియ ఆఫీసులో కాఫీ మానేస్తానంది.

"నాకు మానేయనీకి ఏం మిగిలింది బిడ్డా? తీపి డాక్టరే మాన్పిచ్చె, ఉప్పు ఆయనే మాన్పిచ్చె. ఇగ శివునికి నేనేమియ్యాలె?"

కృష్ణప్రియ లాప్‌టాప్ మూసి పక్కన కూర్చుంది. "మానేసుడే ఎందుకు అత్తమ్మా? ఈసారి ఏదన్నా కొత్తది పట్టుండ్రి. రోజూ తప్పకుండ చేసేది. చెయ్యాలని ఉండి ఎన్నడూ చెయ్యనిది ఏమన్న ఉందా?"

నీలమ్మ బాల్కనీలోంచి కింద నీలంగా మెరుస్తున్న స్విమ్మింగ్ పూల్ వైపు చూసి, "ఈత" అంది, తప్పు చేసినదానిలా.

చిన్నప్పుడు వాళ్ల వ్యవసాయ బావిలో అన్నలు గట్టు మీంచి దూకుతుంటే, ఆమె వాళ్ల అంగీలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒకసారి పావడా ఎగదోపి మెట్లు దిగబోతే తాత జడ పట్టి గుంజాడు. ఆడపిల్లకు ఈతేందని నలుగురిలో తిట్టాడు. ఆ తర్వాత నీళ్లంటే ఆశ, భయం రెండూ కలిసే పెరిగాయి.

"అయితే అదే పట్టుండ్రి. కార్తీకంల తెల్లారగట్ల స్నానం చెయ్యాల్నే గద. ఈ నార్సింగి అపార్టుమెంట్ల మనకు ఏరు యాడికెళ్లి వస్తది? ఇదే మన ఏరు" అని నవ్వింది కోడలు. కాలేజీలో ఈత పోటీలకు వెళ్లిన పిల్ల. మర్నాడే ఒళ్లంతా కప్పే ఈత బట్టలు తెచ్చింది.

"అమ్మా, ఈ వయసుల ఇదేంది? జారి పడితే?" అని సాయిచంద్ పరేషాన్ అయ్యాడు. నీలమ్మ వినిపించుకోలేదు.

కార్తీకం మొదటి రోజు కోడలు చెయ్యి పట్టి దించితే నీళ్లు సూదుల్లా గుచ్చాయి. మెట్ల కడ్డీ పట్టుకున్న చెయ్యి వదలడానికే ఆమెకు మూడు రోజులు పట్టింది. వదిలిన రోజు తల మునిగి, ముక్కులోకి నీళ్లెక్కి, దగ్గీ దగ్గీ ఏడ్చేసింది. ఇక చాలని గట్టెక్కిన మనిషి, తువ్వాలు కప్పుకుని వణుకుతూనే తనను తాను అడిగింది. ఒక్కపొద్దును ఎన్నడన్నా నడుమ విడిచానా? మళ్లీ దిగింది.

ఒకనాడు కోడలికి పొద్దున్నే మీటింగు పడింది. నీలమ్మ ఒక్కతే వెళ్లింది. కాపలా ఉండే వీరేశం గట్టు మీద కూర్చున్నాడు. లోతులేని చోట ఆమె వెల్లకిలా ఒరిగి, భయపడుతూ పాదాలు లేపింది. మునగలేదు. చెవుల్లో నీళ్ల నిశ్శబ్దం. పైన తెల్లవారుతున్న ఆకాశం. ఇన్నేళ్లు ఇంటి బరువంతా మోసిన ఒళ్లు దూదిపింజలా తేలుతోంది. గట్టెక్కి వీరేశంతో, "సూసినవా బిడ్డా, సూసినవా?" అని నాలుగుసార్లు అడిగింది.

ఆ తర్వాత కోడలు ఆమెకు చేతులు వేసి ఈదడం కూడా నేర్పింది. అంతలో అపార్టుమెంటు సంఘం కార్యదర్శి రామ్మోహనరావు తలుపు తట్టాడు. మర్యాదస్తుడే, కానీ భయస్తుడు. "అమ్మగారూ, ఏమీ అనుకోకండి. మీ వయసులో ఏదైనా అయితే మా మీదికొస్తుందండి. మీరిక దిగకపోతే మంచిది."

సాయిచంద్ తలూపబోయాడు. నీలమ్మ ముందుకొచ్చింది. "సారూ, ఆదివారం పొద్దుగాల జర మీరే వచ్చి సూడుండ్రి. ఈ కొసకెళ్లి ఆ కొసకు నేను ఈదకపోతే, మల్ల నీళ్లల్ల కాలు పెట్ట."

ఆదివారానికి మాట టవరంతా పాకింది. బాల్కనీల్లో జనం. రామ్మోహనరావు భార్య పుణ్యవతి కూడా శాలువా కప్పుకుని వచ్చింది. కృష్ణప్రియ నీళ్లలో పక్కనే ఉంది, కానీ ముట్టుకోనని మాటిచ్చింది.

నీలమ్మ శివుణ్ణి తలుచుకుని గట్టును తన్నింది. సగం దాకా బాగానే సాగింది. అక్కడ నేల అందదు. ఒక్కసారిగా ఊపిరి ఆడలేదు, చేతులు బరువెక్కాయి. "అమ్మా!" అని సాయిచంద్ చెప్పులు విడిచేశాడు. రామ్మోహనరావు మొహం పాలిపోయింది. నీలమ్మ చటుక్కున వెల్లకిలా తిరిగింది. ఆకాశాన్ని చూస్తూ, గుండెల నిండా గాలి పీల్చుకుంటూ తేలింది. దడ తగ్గాక మెల్లగా బోర్లా తిరిగి మళ్లీ చేతులు వేసింది. వేస్తూనే ఉంది, వేళ్లు అవతలి గట్టుకు తగిలేదాకా.

బాల్కనీలన్నీ చప్పట్లతో మోగాయి. నీలమ్మ గట్టు పట్టుకుని, జుట్టులోంచి నీళ్లు కారుతుంటే, విరగబడి నవ్వింది. అమ్మ అలా నవ్వడం సాయిచంద్ ఎన్నడూ చూడలేదు. పైకి ఎక్కించి, తడి మనిషిని అలాగే వాటేసుకున్నాడు.

"నాదే పొరపాటండి" అన్నాడు రామ్మోహనరావు చేతులు జోడించి.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ" అంది నీలమ్మ.

కార్తీకం ముగిసింది. మర్నాడు తెల్లవారుతూనే సాయిచంద్ సంచీ పట్టుకుని కోడికూర తేవడానికి బయల్దేరాడు. కృష్ణప్రియ పెద్ద గ్లాసులో కాఫీ కలుపుకుంది. నీలమ్మ మాత్రం ఈత బట్టలు సర్దుకుంటోంది.

"నెల అయిపాయె గదా అమ్మా?" అన్నాడు సాయిచంద్ గుమ్మంలో ఆగి.

"మానేసినోళ్లకు అయిపోయింది రా. నేను పట్టిన గద."

కింద పుణ్యవతి కొత్త ఈత బట్టల్లో బిడియంగా నిలబడి ఉంది. "నాకు నీళ్లంటే చచ్చేంత భయమండి. లోతు ఎంత ఉంటుంది?"

"ఈ పక్కన నడుముదాకనే అక్కా" అని నీలమ్మ ముందు తను దిగి చెయ్యి చాపింది. "దా, నేను పట్టుకుంట."